పళ్ళెంలో జువ్విచెట్టు

పర్చూరు దగ్గరి ఆ ఊళ్ళో ఎవరి చేలో మిరప మొక్క వాడినా, అది ముందు జయరావు అరుగెక్కాల్సిందే. రైతు దాన్ని వేళ్ళతో సహా పెరికి, తడిగుడ్డలో చుట్టి, సైకిలు మీదో బండి మీదో తెస్తాడు. జయరావు తొందరపడడు. ఆకు తిరగేసి చూస్తాడు. కాండాన్ని గోటితో గీరి చూస్తాడు. వేరు వాసన చూస్తాడు. అప్పుడు ఒక్క మాట అంటాడు. "తామర పురుగు." లేదా, "నీళ్ళెక్కువయ్యాయి." లేదా, "ఎండు తెగులు." అంతే. ఆ మాట అన్నాక దానికి తిరుగులేదు. పురుగుమందుల కొట్టువాడు కూడా "జయరావుగారు ఏమన్నారు?" అని అడిగాకే డబ్బా కిందికి దించుతాడు.

ఆయన మితభాషి. పేకాటకు కూర్చోడు, రచ్చబండ రాజకీయాల్లో వేలు పెట్టడు. ఊళ్ళో తనకంటూ ఉన్న విలువంతా ఆ ఒక్క మాటలోనే ఉందని ఆయనకు తెలుసు. అందుకే దాన్ని ఆచితూచి వాడతాడు, ఒకసారి వాడాక వెనక్కి తీసుకోడు.

తెగులు మొక్క విషయంలో ఆయన అందరికీ చెప్పేది ఒకటే. "దాని మీద జాలి పడకూడదు. పెరుకు, గట్టున పడేసి కాల్చెయ్. ఒక్కదాన్ని చూసి మనసు కరిగితే చేనంతా పోతుంది." ఆ ఏడు ఆయన చేలోనూ ఎండు తెగులు పడింది. తను చెప్పిన పనే తనూ చేశాడు. గట్టు మీద కాలిన మచ్చలు అక్కడక్కడా నల్లగా కనబడుతూనే ఉన్నాయి.

కొడుకు వేణుగోపాల్‌కి చిలకలూరిపేట స్పిన్నింగు మిల్లులో షిఫ్టు ఉద్యోగం. మొన్న వైశాఖంలో గుంటూరు సంబంధం చేశారు. కోడలి పేరు శ్రీరమ్య. కాపురానికి వచ్చిన రోజు సారె వ్యానులోంచి మంచం, బీరువా, స్టీలు సామాను దిగాయి. కారులోంచి దిగిన పెళ్ళికూతురి చేతుల్లో మాత్రం ఒక లోతులేని పింగాణీ పళ్ళెం, అందులో మూరెడు చెట్టు ఉన్నాయి. లావుపాటి మొదలు. పళ్ళెం అంచుదాకా పాకిన వేళ్ళు. పైన గొడుగు పట్టినట్టు గుబురుగా ఆకులు. రోడ్డు పక్కన నిలబడే పెద్ద చెట్టునే ఎవరో నొక్కి నొక్కి పళ్ళెంలో కుదించినట్టుంది.

చూడవచ్చిన ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు.

"సారెలో ఆవుని తోలుకురావడం విన్నాం గానీ, చెట్టుని మోసుకురావడం ఏంటే వెంకటేశ్వరమ్మా! మీ ఇంట్లో నీడ లేదని చెప్పారా ఏంటి వాళ్ళకి?" అంది పక్క చేను పేరయ్య భార్య. అంతా గొల్లుమన్నారు.

శ్రీరమ్య కూడా నవ్వింది. "జువ్వి అండీ. మా నాన్న, నేను కలిసి పెంచాం," అంది.

ఆ పిల్ల తండ్రి మిర్చి యార్డులో గుమాస్తాగా చేసేవాడు. శ్రీరమ్య ఆరో తరగతిలో ఉండగా, పాత జిన్నింగు మిల్లు గోడ పగుల్లో మొలిచిన జువ్వి మొక్కని ఊడదీసి ఇంటికి తెచ్చాడట. అప్పట్నుంచి తండ్రీకూతుళ్ళకి ఆదివారం వస్తే అదే పని. రాగి తీగ చుట్టి కొమ్మని వంచడం, కాస్త వేరు కత్తిరించి మన్ను మార్చడం, ఆకుల మీద దుమ్ము తుడవడం. ఆయన పోయాక ఆ పని ఆ పిల్ల ఒక్కతే చేసుకుంది. పెళ్ళి మాటల్లో అత్తవారికి పెట్టిన షరతు కూడా అదొక్కటేనట, చెట్టు తనతో వస్తుందని.

జయరావుకి మొదట్లో అది పిచ్చిపనిలా అనిపించింది. రోజులు గడిచేకొద్దీ, పొద్దున్నే కోడలు నీళ్ళచెంబుతో కుళాయి గట్టు మీది చెట్టు దగ్గర కూర్చోవడం, తను పక్కన నిలబడి చూడటం అలవాటైంది. ఇద్దరూ మాటకారులు కారు. "ఈ కొమ్మ ఇటు వంగితే బాగుంటుంది కదా మావయ్యగారూ?" అని ఆమె అడిగితే, "ఊఁ," అనేవాడు. ఆ ఊఁ కోసమే ఆమె అడిగేదని వెంకటేశ్వరమ్మ నవ్వేది.

ఏడో నెలలో పుట్టింటివాళ్ళు వచ్చి కాన్పుకి తీసుకెళ్ళారు. వెళ్ళేముందు శ్రీరమ్య చెట్టు దగ్గరికి వచ్చి, "పైమన్ను ఆరాకే నీళ్ళు పొయ్యండి మావయ్యగారూ. ఇంకేం చెప్పక్కర్లేదు. మీ చేతికి మొక్కలు తెలుసు," అంది.

ఆ మాట జయరావుకి చాలా రోజులు తియ్యగా ఉంది.

మాఘం సగంలో చెట్టు ఆకులు పసుపెక్కాయి. నీళ్ళు తక్కువయ్యాయేమోనని పోశాడు. రాలడం మొదలైంది. ఎక్కువయ్యాయేమోనని మానేశాడు. ఇంకా రాలాయి. ఆవుపేడ ఎరువు చిటికెడు చల్లాడు, వేపనూనె కలిపి పిచికారీ చేశాడు, పళ్ళేన్ని ఎండలోంచి నీడకీ నీడలోంచి ఎండకీ మార్చాడు. చివరికి ఒక ఉదయం చూస్తే ఒక్క ఆకు లేదు. పళ్ళెంలో మోడు మిగిలింది.

సరిగ్గా అదే ఉదయం పేరయ్య వాడిన మిరప మొక్క పట్టుకొచ్చాడు. జయరావు చూసి, "ఎండు తెగులు," అన్నాడు. పేరయ్య తలూపి, లేవబోతూ కుళాయి గట్టు వైపు చూశాడు.

"ఏంది బావా, ఊళ్ళో అందరి చేలకీ తెగులు చెబుతావ్, నీ వాకిట్లో దీన్ని కుండీలో పెట్టి పూజ చేస్తున్నావా?"

"అది కోడలిది."

"కోడలిదైతే తెగులు కాకుండా పోద్దా? ఇదేం తెగులు, చెప్పు."

పేరయ్య నవ్వుతూనే అడిగాడు. కానీ కళ్ళల్లో పరీక్ష ఉంది. జయరావు మోడు వంక చూశాడు. ఆకు లేదు కాబట్టి తిరగేసి చూడటానికి ఏమీ లేదు. గోటితో గీరలేదు. వేరు చూడలేదు. కొన్నాళ్ళుగా ఏం చేసినా నిలవని చెట్టు మీద విసుగు, పేరయ్య ముందు నాన్చడం ఇష్టంలేకపోవడం, రెండూ కలిసి నోటికొచ్చాయి.

"ఎండు తెగులే," అన్నాడు.

"మరింకేం చూస్తున్నావ్? జాలి పడకూడదని మాకేగా చెప్పేది?"

జయరావు చెట్టు మొదలు పట్టుకుని లాగాడు. మిరప మొక్కలా ఊడి రాలేదు. పళ్ళేన్ని కాలితో తొక్కిపెట్టి గట్టిగా గుంజాడు. వేళ్ళు పట్‌పట్‌మని తెగాయి. తెగిన చోటల్లా తెల్లటి పాలు ఉబికాయి. ఆయన వేళ్ళ మధ్య జిగటగా అంటుకున్నాయి.

చచ్చిన చెట్టుకి పాలు రావు. అది తెలుసుకోవడానికి జయరావు కానక్కర్లేదు. ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. పేరయ్య బండి స్టాండు తీస్తూ ఇటే చూస్తున్నాడు. జయరావు చేతిని తుండుగుడ్డకి తుడుచుకుని, చెట్టుని చేలోకి మోసుకెళ్ళి, గట్టు మీద పీకిన మిరప మొక్కల కుప్పలో పడేసి నిప్పంటించాడు. మిరప మొక్కలు భగ్గుమని మండిపోయాయి. జువ్వి మాత్రం ఎంతసేపటికీ అంటుకోలేదు. చివర్ల నుంచి నురగలు కక్కుతూ, సుయ్యిమంటూ పొగ చిమ్మింది. ఆయన మళ్ళీ ఎండుపుల్లలు ఏరుకొచ్చి వేశాడు.

ఇంటికొచ్చాక వెంకటేశ్వరమ్మ ఖాళీ పళ్ళెం చూసి, "అయ్యో, పోయిందా?" అంది.

"పోయింది."

"పిల్లకి ఇప్పుడు చెప్పకండి. కాన్పు దగ్గర పడింది. మనసు కష్టపెట్టుకుంటుంది."

అలాగేనన్నాడు. ఆమె ఆ మాట అన్నందుకు లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. ఆ హాయి ఎందుకో తరచి చూసుకోలేదు.

నెలాఖరుకి శ్రీరమ్యకు ఆడపిల్ల పుట్టింది. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, వెంకటేశ్వరమ్మ కల్లంలో మిరపకాయలు తిరగేస్తుండగా, జయరావుకి ఫోను వచ్చింది. కోడలి గొంతు నీరసంగా ఉంది.

"మావయ్యగారూ, ఒక సంగతి చెప్పడం మర్చిపోయాను. ఇవాళ తెల్లవారుజామున పాలిస్తుంటే గుర్తొచ్చింది. ఈపాటికి చెట్టు ఆకులన్నీ రాల్చేసి ఉంటుందే. కంగారుపడ్డారా?"

జయరావు కుళాయి గట్టు మీది ఖాళీ పళ్ళెం వైపు చూశాడు.

"ఏటా అంతే మావయ్యగారూ. కొన్నాళ్ళు మోడులా ఉంటుంది. ఉన్నట్టుండి ఒక్కసారే ఎర్రగా చిగురేస్తుంది. రాల్చిందా?"

"రాల్చింది," అన్నాడు. అంతవరకూ అబద్ధం కాదు.

"చిగురు కనబడగానే ఒక ఫొటో పెట్టరూ? నాన్న ఏటా మొదటి చిగురు ఫొటో తీసేవారు. అమ్మ కూడా అడుగుతోంది."

"అలాగేనమ్మా," అన్నాడు.

మర్నాడు పనేమీ లేకపోయినా బండి తీసుకుని పర్చూరు రోడ్డెక్కాడు. తూము దాటాక రోడ్డుకి అటూ ఇటూ జువ్విచెట్లున్నాయి. సగం ఇంకా మోళ్ళే. మిగతా సగం రాగిరంగు చిగుళ్ళతో మెరుస్తున్నాయి. చిన్నప్పుడు ఆ చెట్లకే ఎడ్లని కట్టేశాడు. మిరపకాయ కోతలప్పుడు వాటికి నీడుండదని, కూలీలు అన్నం క్యారేజీలు పట్టుకుని అవతల వేపచెట్టు కిందికి వెళ్ళడం పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ చూస్తున్నాడు. అవి ఆకు రాలుస్తాయని ఎవరూ ఆయనకి చెప్పనక్కర్లేదు. ఆ చెట్టే పళ్ళెంలోకి వచ్చేసరికి దాన్ని చెట్టనుకోలేదు. మిరప మొక్కనుకున్నాడు. ఆకులూడితే తెగులు, తెగులైతే మంట.

పోనీ, పొరపాటేనని సర్దిచెప్పుకోవచ్చు. మనిషన్నాక పొరపడడా? కానీ పాలు కారడం చూశాడు. చూసి తుడుచుకున్నాడు. ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి ఏ సమాధానమూ నిలబడలేదు. బండి పక్కన ఒంటరిగా నిలబడి ఉన్నా, నలుగురిలో తలకొట్టేసినట్టయింది.

ఇంటి దగ్గర ఎవరికీ చెప్పలేదు. భార్య లెక్కలో చెట్టు ఎండిపోయింది. కొడుకు లెక్కలోనూ అంతే. బాలింతకి ఇలాంటివి చెప్పకూడదని ఇద్దరూ మళ్ళీ మళ్ళీ అంటుంటే, ఆయన ఆ మాట చాటున దాక్కున్నాడు. శ్రీరమ్య మరో రెండుసార్లు అడిగింది. రెండోసారి, "ఇంకా చిగురు రాలేదా? ఏమైనా అయిందా మావయ్యగారూ?" అన్నప్పుడు ఆ గొంతులో బెదురు విని తట్టుకోలేకపోయాడు. మళ్ళీ తూము దగ్గరికి వెళ్ళి, కిందికి వంగిన ఒక కొమ్మ చివర అప్పుడే విచ్చుకుంటున్న చిగురుని దగ్గరగా ఫొటో తీసి పంపించాడు. పిల్ల బెంగపడకుండా పంపానని భార్యకీ కొడుక్కీ చెప్పాడు.

ఆ పిల్ల దాన్ని స్టేటస్ పెట్టుకుంది. "నాన్న చెట్టు, మావయ్యగారి చేతిలో," అని కింద రాసింది. జయరావు అది చూసి ఫోను బోర్లించి పెట్టాడు. ఆ సాయంత్రం ఎవరో వాడిన మొక్క తెస్తే, ఒంట్లో బాగాలేదని లోపలికి వెళ్ళిపోయాడు.

బారసాల గుంటూరులో, పుట్టింటివాళ్ళ అపార్టుమెంటు కింది హాల్లో పెట్టారు. వెళ్ళకుండా తప్పించుకోవడానికి జయరావు కల్లంలో పని ఉందన్నాడు. "మనవరాలి బారసాలకి కల్లం అడ్డమొచ్చిందా? జనం నవ్వుతారు," అని వెంకటేశ్వరమ్మ తిట్టి బయల్దేరదీసింది.

ఉయ్యాల్లో వేశారు, వేణుగోపాల్ బియ్యంలో పేరు రాసి వంటవాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. శ్రీరమ్య ఉయ్యాల పక్కన మంచం మీద, చెవుల్లో దూది పెట్టుకుని, చీరె కొంగు తలచుట్టూ కప్పుకుని కూర్చుంది. మామగారిని చూడగానే ముఖం విప్పారింది. "ఇప్పుడెంత చిగురేసింది?" అంది. ఎవరో పిలిస్తే ఆయన అటు తిరిగిపోయాడు.

భోజనాలకి ముందు బట్టలు పెట్టే తతంగం వచ్చింది. వియ్యపురాలు కోటేశ్వరి భర్త పోయిన మనిషి కాబట్టి, తమ్ముడు పానకాలునీ మరదలినీ ముందుకి పంపి, తను పక్కన నిలబడింది. వెంకటేశ్వరమ్మకి చీరె పెట్టారు. జయరావుకి జరీ అంచు పంచెలచాపు పళ్ళెంలో పెట్టి అందించబోయారు. కోటేశ్వరి కళ్ళు తుడుచుకుంది.

"అన్నయ్యగారూ, ఇది వియ్యంకుడి మర్యాద ఒక్కటే కాదండీ. మా ఆయన పోయాక ఈ ఇంట్లో ఆయన చేత్తో పెంచింది అదొక్కటే మిగిలింది. దాన్ని బతికించి పెట్టారు. ఆ ఫొటో చూసి ఎంత ఏడ్చానో." ఆమె ఫోను అప్పటికే చుట్టాల మధ్య చేతులు మారుతోంది. మేనత్త వరసైన ఒక ముసలమ్మ దాన్ని కళ్ళకి ఆనించుకుని చూస్తోంది.

జయరావు చేతులు చాపలేదు.

"నేను తీసుకోకూడదు చెల్లెమ్మా."

పెట్టిన బట్టలు కాదనడం చిన్న సంగతి కాదు. వెంకటేశ్వరమ్మ ఆయన మోచేతి దగ్గర గిల్లింది. పానకాలు హాస్యంలోకి దించాలని చూశాడు.

"ఏం బావగారూ, అంచు సన్నమైందా? మంగళగిరి ఎంత దూరం, సాయంత్రానికి వెడల్పు అంచుది తెప్పిస్తా. అలగకండి."

"చెట్టు లేదు," అన్నాడు జయరావు.

శ్రీరమ్య తలెత్తింది. ఎవరికీ అర్థం కాలేదు. వెంకటేశ్వరమ్మ చప్పున అందుకుంది.

"ఎండిపోయింది తల్లీ. పచ్చి బాలింతవని నీకు చెప్పలేదు. మీ మావయ్యగారు చెయ్యనిదంటూ లేదు. నీళ్ళు పోశారు, ఎరువేశారు, రోజూ దాని ముందే కూర్చున్నారు. ఏం చేస్తాం, నిలవలేదు."

కోటేశ్వరి ముఖం పాలిపోయింది. అయినా, "పోనీలెండి. మీరు మాత్రం ఏం చేస్తారు?" అంది. పానకాలు భార్య, "పాపం, అందుకే ఆయన అంత బాధపడుతున్నారు," అంది. చుట్టూ ఉన్న ముఖాలు మెత్తబడ్డాయి. జయరావు ఇక నోరు మూసుకుంటే చాలు. భార్య తలుపు తెరిచి పెట్టింది. తల వంచుకుని బయటపడటమే.

"ఎండిపోలేదు," అన్నాడాయన. "బతికుండగానే పీకేశాను."

"ఏమిటండీ మీరు..." అంది వెంకటేశ్వరమ్మ.

శ్రీరమ్య మంచం మీంచే ఆయన వైపు తిరిగింది. చిన్నగా, మొక్క సంగతి అడిగినట్టే అడిగింది.

"ఆకులు రాలితే చచ్చిపోయిందనుకున్నారా మావయ్యగారూ?"

"తెగులనుకున్నాను."

"పీకినప్పుడైనా తెలిసుండాలే. జువ్వి కదా. పాలొస్తాయి."

"వచ్చాయి."

"మీరు చూడలేదా?"

"చూశానమ్మా. పేరయ్య పక్కన ఉన్నాడు. అప్పటికే తెగులని అనేశాను. అన్నమాట వెనక్కి తీసుకోలేక..." తన అరచేతుల వంక చూసుకున్నాడు. "పట్టుకెళ్ళి కాల్చేశాను."

ఉయ్యాల్లో పాప కదిలింది. ఎవరూ ఉయ్యాల ఊపలేదు.

"మరి ఫొటో?"

"పర్చూరు రోడ్డు మీది చెట్టు."

శ్రీరమ్య ముసలమ్మ చేతిలోని ఫోను వంక చూసింది. తర్వాత, "ఆకు పెద్దదిగా ఉందనుకున్నాను," అంది. "పళ్ళెంలో పెరిగేదానికి అంత ఆకు రాదు. మీరు ప్రేమకొద్దీ నీళ్ళు ఎక్కువ పోసుంటారని అమ్మతో చెప్పాను."

అని, ఉయ్యాల్లోంచి పాపని తీసుకుని, గోడవైపు తిరిగి పడుకుంది. ఆమె భుజం కదులుతుందేమోనని జయరావు చూశాడు. కదల్లేదు. అది ఆయనకి ఏడుపుకన్నా కష్టంగా తోచింది.

పానకాలు చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది. చివరికి కోటేశ్వరే దాన్ని అందుకుని జయరావు ముందు పెట్టింది.

"పెట్టిన బట్టలు వెనక్కి తీసుకుంటే పిల్లకి మంచిది కాదు. కట్టుకుని భోజనానికి రండి," అంది. అన్నయ్యగారూ అనలేదు.

కట్టుకోక తప్పలేదు. పక్కగదిలో పాత పంచె విప్పి, జరీ అంచు పంచె కట్టుకున్నాడు. పక్కనే నిలబడ్డ వెంకటేశ్వరమ్మ పైకండువా మడత విప్పి ఇచ్చింది గానీ ఆయన ముఖం చూడలేదు. "నాతో అయినా చెప్పలేదేం?" అంది. ఆయన కండువా భుజాన వేసుకున్నాడు. పెళ్ళికొడుకులా కొత్తబట్టల్లో హాల్లోకి వచ్చి పంక్తిలో కూర్చున్నాడు. వడ్డించేవాళ్ళు ఆయన దగ్గర ఆగకుండా, అలాగని తక్కువ చెయ్యకుండా వడ్డించి పోతున్నారు. గోంగూర పచ్చడి, బూరెలు, అన్నీ విస్తట్లో ఉన్నాయి. ముద్ద కలిపి చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

ఎదురు వరసలో ఆ మేనత్త ముసలమ్మ కూర్చుంది. ఆమెకి చెముడు. ఇందాకటి గొడవ ఏమీ వినబడలేదు. కోటేశ్వరి ఫోను ఇంకా ఆమె చేతిలోనే ఉంది. కొత్తబట్టల్లో ఉన్న మనిషిని గుర్తుపట్టి బోసినోటితో నవ్వింది.

"ఏం నాయనా, నువ్వేగా మా పిల్ల చెట్టుని పెంచుతున్నది? ఎంత బాగా చిగిర్చిందయ్యా!" అని ఫోను ఆయన వైపు తిప్పింది.

పక్కన కూర్చున్న పానకాలు, "తినండి బావగారూ, ఆమెకేం వినబడదులెండి," అని గొణిగాడు.

జయరావు చేతిలో ముద్ద విస్తట్లో వదిలాడు.

"అది కాదమ్మా," అన్నాడు. "మా కోడలి చెట్టుని నేను కాల్చేశాను."

"ఆఁ?" ముసలమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "గట్టిగా చెప్పు నాయనా."

హాలు చివర మంచం మీద శ్రీరమ్య ఇంకా గోడవైపే తిరిగి ఉంది. జయరావు అటు ఒకసారి చూసి, గొంతు సవరించుకుని, అందరికీ వినబడేలా మళ్ళీ చెప్పాడు.